శాతం గుర్తు వెనక

గళ్ల బాబాయ్ ఆ ఉదయం కంప్యూటర్ తెర మీద పదిహేడో గడిలో టిక్కు పెట్టి, పద్దెనిమిదో దాని దగ్గర ఆగాడు. అనువాదాల ఆఫీసులో ఆయన పని అదే. అచ్చుకు వెళ్లే ఫైళ్లలో అసలు మాటలతోపాటు అక్షరం లావు చెయ్యి, పేజీ మార్చు లాంటి ఆజ్ఞలు కూడా కలిసి ఉంటాయి. వాటిలో ఏది అనువాదకుల కంటపడాలో, ఏది పడకూడదో ఫిల్టర్ అనే ప్రోగ్రాముకు చెప్పాలి. ఒక్కో సంగతికి ఒక్కో గడి. దానికి తోడు ఒంటి మీద ఎప్పుడూ గళ్ల చొక్కాయే. పేరు పెట్టినవాళ్లను తప్పుపట్టలేం.

పద్దెనిమిదో గడి శాతం గుర్తుది. ఆ గుర్తు వెనక వరుస చివరిదాకా ఏం రాసినా అచ్చులో రాదు. పేజీలు కూర్చేవాళ్లు తమలో తాము చెప్పుకునే ముచ్చట్లన్నీ దాని చాటునే. నిజంగా శాతమే అచ్చవ్వాలంటే ముందొక ఏటవాలు గీత ఉండాలి. గడిలో టిక్కు ఉంటేనే ఫిల్టర్ ఆ గీత పెట్టి, చాటు ముచ్చట్లను దాచేస్తుంది.

పదకొండేళ్ల కిందట పెట్టలేదు. "ఈ మందు నీళ్లలో 10% మించి కలపకండి, కళ్లు పోతాయి" అన్న వాక్యం పది దగ్గరే ఆగిపోయింది. నాలుగు వేల పుస్తకాలు దుకాణాల నుంచి వెనక్కొచ్చాయి. ఎవరి కళ్లూ పోలేదు గానీ ఒకరి ఉద్యోగం పోయింది. పేజీలు కూర్చే అక్క "నా చూపే తప్పింది" అని ఒప్పుకుని సంచీ సర్దుకుంది. తన గడి ఖాళీగా వదిలేశానేమోనన్న అనుమానం బాబాయ్‌కు ఆ రోజే వచ్చింది. తెరిచి చూసే ధైర్యం చాలలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

అక్క కుర్చీ ఇప్పటికీ ఎదురుగానే ఉంది. ఫ్యాను గాలికి అది కాస్త తిరిగితే చాలు, ఆయన తలెత్తి చూస్తాడు.

"బాబాయ్, ఐదింటికల్లా పాత ఫైళ్లన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోవాలి" అంది మేనేజరమ్మాయి. "శాతం గుర్తు వెనకున్న చెత్తంతా తీసేయండి."

"చెత్తేంటమ్మా, మనుషులు రాసిందేగా."

"ఎవరు చదువుతారు చెప్పండి?"

నిజమే, ఎవరూ చదవలేదు. తీసేసేముందు ఆయన మొదటిసారి 'చూపించు' గడిలో టిక్కు పెట్టి, ఆ మందు పుస్తకం తెరిచాడు. పది తర్వాత శాతం గుర్తు ముందు గీత ఉంది. దాని కింద మూడు వరుసలు.

% తమ్ముడూ, పుస్తకాలు వెనక్కొచ్చాక చూశాను, నీ గడి ఖాళీగా ఉంది. గీత నేనే పెట్టేశాను. ఎవరికీ చెప్పకు.
% నీ ఇంట్లో పసిగుడ్డు ఉంది. నాదేముంది, ఒంటికాయ శొంఠికొమ్ముని.
% ఇది చదివిన రోజు ఇంటికి రా. నా భూతద్దం నీ దగ్గరే మర్చిపోయాను.

పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే ఈ మాటలు దాచిపెట్టమని యంత్రానికి చెప్పింది తనే.

సొరుగు లాగాడు. భూతద్దం అక్కడే ఉంది. పేరులోనే భూతాన్ని పెట్టుకుని ఇన్నాళ్లూ తన మోకాళ్ల దగ్గరే పడి ఉంది. పాత డైరీలో అక్క నంబరు వెతికి ఫోను చేశాడు. అక్క చెల్లెలు ఎత్తింది.

"అక్క పోయి తొమ్మిది రోజులైందండీ. నిద్రలోనే..." అంటూనే, "మీరు తమ్ముడా? ఫోను మోగితే చాలు, తమ్ముడేమో చూడవే అనేది. చివర్లో పేపరు నాచేతే చదివించుకుంది. కొత్త భూతద్దం కొనిస్తానంటే వద్దు, నాది వస్తుందిలే అంది."

ఐదింటికి మేనేజరమ్మాయి వచ్చింది. "అయిందా బాబాయ్?"

"అమ్మా, ఆ మందు పుస్తకం తప్పు నాదమ్మా. అక్కది కాదు."

"ఏ అక్క బాబాయ్?" అంది ఆ పిల్ల అమాయకంగా.

బాబాయ్ ఆ ఒక్క పేజీని కాగితం మీదికి తీసుకున్నాడు. పద్దెనిమిదో గడిలో టిక్కు పెట్టాడు. మూడు వరుసలూ తెర మీంచి పోయాయి. కాగితాన్ని అక్క బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా బరువు పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

చెక్క పిడి మీద ఆమె బొటనవేలు ఆనే చోట రంగు పోయిన భూతద్దం, దాని కింద బొత్తామంత పెద్దదై కనిపిస్తున్న శాతం గుర్తు.