కడిగిన బొగ్గు

చెల్లెలు గ్లాసు మూతి దాకా తెచ్చి, మళ్ళీ మొహం తిప్పేసుకుంది. "అక్కా, కిరసనాయిలు కంపు!"

"నీళ్ళకి కంపేంటే? వేవిళ్ళలో అలాగే ఉంటుంది. ముక్కు మూసుకుని తాగెయ్," అంది అక్క.

మొగుడికి ఓడలో ఉద్యోగం కావడంతో కడుపుతో ఉన్న చెల్లెలు అక్క పంచన చేరింది. వచ్చినప్పటి నుంచీ ఇదే గొడవ. కింద సొంత నీళ్ళ ప్లాంటు, పైన కాపురం. వీధి వీధంతా ఇక్కడి క్యాన్లే మోసుకుపోతుంది. రంగుల ఫ్యాక్టరీ పుణ్యమా అని బోరునీళ్ళలో కెమికల్ ఉన్నమాట నిజమే. కానీ మధ్యలో బొగ్గు ట్యాంకు ఉంది కదా! బొగ్గు ఆ కెమికల్‌ని తనకి అంటించుకుని నీళ్ళని వదిలేస్తుంది. ఒంటినిండా పట్టాక ఇక పట్టదు, పారేసి కొత్తది పోయాలి. ఈ పాఠం అక్కకి చెప్పింది మొగుడే.

ఆ మధ్యాహ్నం ఆరిన బట్టలు తీద్దామని డాబా ఎక్కిన అక్క తలుపు దగ్గరే ఆగిపోయింది. మొగుడు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, తొట్టిలో పాత బొగ్గు తొక్కుతున్నాడు. పైన చీమిడిలాంటి జిగురు తేలుతోంది. అతని కాలివేళ్ళ సందుల్లోంచి నల్లగా కారుతోంది.

"కొత్తది కొన్నానన్నారుగా?"

"బొగ్గేగా! కడిగితే కొత్తదే. ఏడాదిగా ఇలాగే లాక్కొస్తున్నా, ఎవడైనా నోరెత్తాడా?"

నోరెత్తిన మనిషి ఒక్కతే. దాని చేత ముక్కు మూయించి మరీ తాగించింది తను.

పిడికెడు బొగ్గు తీసి వాసన చూసింది. ఆ కంపు ఆమెకి కొత్త కాదు. తన వంటింటి వాసనే అది. రోజూ పీల్చీ పీల్చీ ముక్కు మొద్దుబారింది, అంతే. మొగుణ్ణి చూస్తే రోత పుట్టింది, తనని తలుచుకుంటే ఇంకా రోత పుట్టింది. పరుగున కిందికి దిగి, ప్లాంటు ముందు కాలవలో భళ్ళున కక్కేసింది.

నీళ్ళకోసం క్యాన్లతో వరసకట్టిన వాళ్ళలోంచి ఎదురింటి పిన్నిగారు కిసుక్కున నవ్వింది. "ఏమ్మా, అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకేసారా?"

అక్క మూతి తుడుచుకుని కుళాయి కట్టేసింది. "క్యాన్లు అక్కడ పడేసి డాబా మీదికి రండి పిన్నిగారూ. ఇన్నాళ్ళూ ఎవరి కాళ్ళు కడిగిన నీళ్ళు తాగుతున్నారో చూద్దురుగాని."

అందరూ ఆమె వెనకే మెట్లెక్కారు. ఇంటి గుమ్మంలో చెల్లెలు ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"అలా చూస్తావేంటక్కా? నువ్వు చెప్పినట్టే ముక్కు మూసుకుని మొత్తం తాగేశాగా!"