ఒక సైజు పెద్దది

పెనుకొండ బస్టాండు పక్కన రెడీమేడ్ బట్టల అంగడి నడిపే వెంకటేశ్వర్లు శెట్టికి టేపుతో పని లేదు. పిల్లను గడప దగ్గర చూస్తే చాలు, సైజు చెప్పేస్తాడు. చెప్పి, దానికి ఒకటి కలిపి బట్ట తీస్తాడు. పెరిగే పిల్ల కదా, వచ్చే ఏడూ వేసుకుంటుంది అంటాడు. తల్లులు సంతోషంగా తల ఊపుతారు. పిల్లలను అడిగే అలవాటు ఆ అంగట్లో లేదు. ఉగాదినాడు ఊళ్లో సగంమంది పిల్లలు చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతున్నారంటే ఆ పుణ్యం ఈయనదే.

ఆయన కూతురు ఉషశ్రీ ఊళ్లోనే డిగ్రీ చదువుతోంది. చదువు ఎంత బాగా సాగుతోందో కంప్యూటర్ ఆటలూ అంత బాగా సాగుతున్నాయి. తనతో చదివేవాళ్లను పోగు చేసి ఒక జట్టు కట్టింది. ఆదివారం ధర్మవరంలో ఒక కల్యాణమండపంలో పోటీ. ఎవరి కంప్యూటర్ వాళ్లే మోసుకురావాలి. పోయినసారి సరిగ్గా గురిపెట్టే సమయానికి ఉషశ్రీ తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. అది కదిలేసరికి ఆమె చచ్చిపోయి ఉంది, ఆటలోనే లెండి. ఈసారీ అట్లే అయితే జట్టులో తన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని స్నేహితులకు మాట ఇచ్చేసింది.

లోపమంతా పాత గ్రాఫిక్స్ కార్డుది. దాని మెమరీ రెండు జీబీ. కొత్త ఆటల్లోని గోడలూ చెట్లూ మనుషులూ అన్నీ పరుచుకోవడానికి అందులో చోటు లేదు. సరుకు కోసం హిందూపురం పోతూ వెంకటేశ్వర్లు, కార్డు తానే తెస్తానన్నాడు. మన మానిటర్‌కు ఎనిమిది జీబీ చాలు, చిప్ మాత్రం కొత్తది చూసి తెమ్మని ఉషశ్రీ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

హిందూపురంలో కంప్యూటర్ల అంగడి పవన్ రెండు పెట్టెలు ముందు పెట్టాడు. రెండూ ఒకటే రేటు. ఒకటి ఎనిమిది జీబీ, కొత్త చిప్. ఇంకోటి పదహారు జీబీ, పాత చిప్. ఎదుట ఉన్నది బట్టల శెట్టి కాబట్టి ఆయన భాషలోనే విడమరచి చెప్పాడు. మెమరీ అంటే టైలరు గుడ్డ పరిచే బల్ల, చిప్ అంటే కత్తెర. బల్ల చిన్నదైతే గుడ్డ తీసి మడిచి మళ్లీ పరవాలి, పని ఆగిపోతుంది. గుడ్డ పట్టేంత బల్ల ఉన్నాక ఇంకా పెద్ద బల్ల వేసి, మొద్దు కత్తెర చేతికిస్తే ఏం లాభం? రేపు ఇంకా సన్నటి చుక్కలుండే పెద్ద తెర కొంటే అప్పుడు పదహారు సంగతి చూడొచ్చు అన్నాడు. వెంకటేశ్వర్లు అంతా విన్నాడు. అంతా అర్థమైంది కూడా. అర్థమయ్యాకే పదహారు జీబీ పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. ఏళ్ల తరబడి పెద్ద సైజు తీసి అలవాటైన చెయ్యి మరి.

ఉషశ్రీ పెట్టె మీది అక్షరాలు చదివింది. సీలు చించలేదు. బాగుంది నాయనా అని బల్ల మీద పెట్టేసింది. ఆ ముఖం ఆయనకు బాగా తెలుసు. వదులు చొక్కా తొడిగి అద్దం ముందు నిలబెడితే పిల్లలు పెట్టే ముఖం అది.

"ఏంటికి పాపా అట్లుండావు? పెద్దదే తెచ్చినా గదా. రేపు పెద్ద ఆటలొస్తే పనికొస్తాది."

"రేపటికి పనికొస్తాది నాయనా. ఆదివారానికి పనికిరాదు." ఆమె గొంతులో కోపం లేదు, అదే ఆయనకు కష్టంగా తోచింది. "చిన్నప్పుడూ ఇంతే. నువ్వు తెచ్చిన గౌను నాకు సరిపోయేసరికి దాని రంగు పోయిండేది. కొత్తగా ఉన్నప్పుడే సరిపోయిన బట్ట నేను ఒక్కటి గూడా ఏసుకోలేదు."

ఊళ్లో పిల్లలకు పండగకొకసారి జరిగేది బట్టల అంగడి వాడి కూతురికి ఏడాది పొడుగునా జరిగింది. తన బిడ్డ ముఖం తానే ఇన్నాళ్లు చూడలేదని వెంకటేశ్వర్లుకు సిగ్గేసింది. ఆ పూట అన్నం సయించలేదు.

శనివారం అంగడిని భార్య రంగనాయకమ్మకు అప్పగించి మళ్లీ హిందూపురం బస్సెక్కాడు. పవన్ నెత్తి మీద, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని బోర్డు వేలాడుతోంది. నిన్న అది ఆయన కంటికి ఆనలేదు. పెట్టె పట్టుకుని దాని కింద నిలబడడం ఎంత ఇబ్బందో ఇన్నేళ్ల వ్యాపారంలో మొదటిసారి తెలిసింది.

"ఏమప్పా పవన్, ఈ బోర్డు నా అంగట్లో గూడా ఉండాది. ఎవురొచ్చినా అదే చూపిస్తా. అయినా వచ్చినా. మా పాపకు సరిపోలేదు."

పవన్ సీలు తిప్పి చూశాడు, శెట్టి ముఖం చూశాడు, నవ్వి ఎనిమిది జీబీ పెట్టె తీసిచ్చాడు.

ఆదివారం కంప్యూటర్‌ను అంగట్లోని కొత్త దుప్పటిలో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ప్యాసింజరు రైల్లో ధర్మవరం దాకా తెచ్చాడు. ఊరు దగ్గర పడుతుండగా చేతిసంచిలోంచి నీలం రంగు కొత్త చొక్కా తీసి కూతురికిచ్చాడు. ఆమె మండపంలో అది వేసుకుని వచ్చి ఆటకు కూర్చుంది.

ఎవరు ఎవరిని కాలుస్తున్నారో వెంకటేశ్వర్లుకు అంతుపట్టలేదు. బొమ్మ మాత్రం ఎక్కడా ఆగలేదు, అది చూశాడు. కొత్తచెరువు జట్టుతో ఫైనల్ కూడా గెలిచారు. ఆ కప్పు ఇప్పుడు ఆయన గల్లాపెట్టె పక్కనే ఉంది, దాన్ని చూపించకుండా ఎవరికీ చొక్కా అమ్మడు. సైజు ఖాయం చేసే ముందు పిల్లలకు తొడిగి ఎట్లుందని అడుగుతున్నాడు కూడా.

ఆయన ఎవరికీ చెప్పుకోనిది ఒకటుంది. ఫైనల్ మొదలయ్యే ముందు ఉషశ్రీ మౌసు మీదికి చెయ్యి చాపబోతూ, చిన్నప్పటి అలవాటు కొద్దీ చొక్కా చెయ్యి మడవబోయింది. మడవడానికేమీ లేదు. చొక్కా మణికట్టు దగ్గర సరిగ్గా ఆగి ఉంది. ఆమె దాన్ని ఒకసారి చూసుకుని, తల తిప్పి జనంలో నాయన కోసం వెతికింది. ఆయన అప్పటికే దుప్పటి మడత పెట్టే మిషతో కిందికి వంగి కళ్లు తుడుచుకుంటున్నాడు.