లైన్‌లోనే ఉండండి

"చక్రం ఇంకా తిరుగుతోందా బాబూ? తిరగనివ్వండి. ఉన్నారా?" అని అడిగి, ఆయన రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చల్లారిన టీ ఒక గుక్క తాగాడు.

యూనివర్సిటీలో ఆయన ఉద్యోగం అదే. ఆన్‌లైన్ పాఠాలు తెరుచుకోనివాళ్ళు ఫోన్ చేస్తారు. ఏ బ్రౌజరు, నెట్ స్పీడెంత, ఫోన్‌లో ఖాళీ ఉందా, సౌండు మ్యూట్‌లో ఉందా అని వరసగా అడుగుతాడు. సగం గొడవలు మ్యూట్ దగ్గరే తేలిపోతాయి. పేజీ వచ్చేలోగా అవతలివాళ్ళు బిక్కుబిక్కుమంటూ ఉండకూడదని మధ్యమధ్య "ఉన్నారా?" అంటాడు. ఆ అలవాటు ఇంటికీ పాకింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగితే చాలు, "ఉన్నావా?" అని కేకేస్తాడు. లేక ఎక్కడికి పోతానని భార్య విసుక్కుంటుంది.

బల్ల మీద ముసలి కంప్యూటరు. కొత్తది ఇస్తామన్నా పుచ్చుకోలేదు. దీంట్లో ఆడిన పాఠం ఎవరింట్లోనైనా ఆడి తీరుతుందని ఆయన నమ్మకం. ఉన్నచోటినుంచి కదలదు, తొందరపెడితే మొరాయిస్తుంది కాబట్టి వాచ్‌మన్ దానికి 'అత్తగారు' అని పేరు పెట్టాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

మధ్యాహ్నం నుంచి ఎడమ చెయ్యి లాగుతోంది. రోజంతా ఫోన్ పట్టుకున్నందుకే అనుకున్నాడు. పాపం, అంతకంటే ఏమనుకుంటాడు.

పొద్దువాలుతుండగా మొక్కల నర్సరీలో పనిచేసే ఆవిడ ఫోన్ చేసింది. ఆ గొంతు ఆయనకు పాతదే. ఇదివరకు తప్పిన వృక్షశాస్త్రం పరీక్ష రేపే. మళ్ళీ తప్పితే ఇక రాయనివ్వరు. చెట్ల వేళ్ళ పాఠం ఒక్కటే మిగిలింది. సరిగ్గా ఇప్పుడే యూనివర్సిటీ వెబ్‌సైటు మార్చింది. కొత్త సైటు ఆవిడ పాత ఫోన్‌లో తెరుచుకోవడం లేదు.

ఇంకో ఫోన్ ఎవరిదైనా దొరుకుతుందా అని అడిగాడు.

"మా ఇంటి మొత్తానికీ ఇదొక్కటే అన్నయ్యగారూ."

ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు. పాత పాఠాల కాపీలన్నీ అత్తగారి పొట్టలో భద్రంగా ఉన్నాయి.

"నేనిక్కడ పాఠం పెడతాను, మీరు ఫోన్‌లో వినండి. బొమ్మలొస్తే నేను చెబుతాను. నేను చెప్పేదాకా మాత్రం పెట్టేయకండి."

చేతిరుమాలు నాలుగు మడతలు వేసి స్పీకరు ముందు పరిచాడు. రిసీవరును దానిమీద వెల్లకిలా పడుకోబెట్టాడు. తను పక్కకి వంగి కూర్చున్నాడు. పాఠం మొదలైంది.

"మాస్టారు తల్లివేరు గీశారు. పక్కనుంచి పిల్లవేళ్ళు. మీరు రోజూ చూసేవేగా."

"చూస్తాను గానీ పేర్లు తెలియవు," అంది ఆవిడ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయనకి ఆ పూట ఎందుకో చాలా సంతోషంగా ఉంది.

"ఇప్పుడు వేరు కొన గీస్తున్నారు. చివర చిన్న టోపీలా ఉంది," అన్నాడు.

తర్వాతి బొమ్మ గురించి ఆయనేమీ చెప్పలేదు. తల చేతిమీద వాల్చాడు. కళ్ళజోడు ఒక పక్కకి జారింది. పాఠం దాని మానాన అది సాగింది.

తాళాలు వేయడానికొచ్చిన వాచ్‌మన్ ఆయన నిద్రపోయాడనుకుని, ఇంటికెళ్ళరా సారూ అంటూ భుజం తట్టాడు. ఒళ్ళు చల్లగా తగిలింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు. స్పీకరు ఎప్పుడో ఆగిపోయింది. రిసీవరులోంచి మాత్రం సన్నగా వినిపిస్తోంది: "అన్నయ్యగారూ, ఉన్నారా?"

ఎంతసేపటినుంచి అడుగుతోందో. వాచ్‌మన్ కళ్ళు తుడుచుకుని రిసీవరు తీశాడు. తను ఎవరో చెప్పాడు.

"పాఠం అయిపోయిందండీ. ఆయన చెప్పేదాకా పెట్టేయొద్దన్నారని ఉన్నాను," అంది ఆవిడ.

"అంతా వినపడిందా అమ్మా?"

"వినపడింది. చివరి బొమ్మలే చెప్పలేదు."

వాచ్‌మన్ ఆయన జారిన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇక పెట్టేయమన్నారమ్మా. రేపు బాగా రాయమన్నారు."

ఆ ఫోన్ మీదే డాక్టరుకి చేశాడు. తర్వాత ఆయన ఇంటికి చేశాడు. భార్య ఫోన్ తీసింది. ఆవిడ వెనక పొయ్యిమీద ఏదో ఉడుకుతున్న చప్పుడు.

బల్ల మీద మడతపెట్టిన చేతిరుమాలు అలాగే ఉంది, రిసీవరు ఆనినంత మేర నొక్కుకుపోయి.