మైల పడిన దోనె

నేను ఒక జీలుగు దోనెను, నీళ్లు పారే మాను కాలువను. మన్యంలో గొందిపుట్టు ఊరి పైన, బండల సందున పుట్టే ఊటకు నోరులా నన్ను అమర్చారు. పండన్న అనే పెద్దాయన జీలుగు మానును చీల్చి, లోపలి గుజ్జంతా తొలిచి నన్ను చేశాడు. ఇప్పుడు అతని కొడుకు బోడన్న, కోడలు గాసమ్మ నా బాగోగులు చూస్తున్నారు. పండగకు బొట్టు పెడతారు. మిగతా రోజుల్లో నా మీదే కాళ్లు రుద్దుకుంటారు. దేవుళ్లకు కూడా ఇంతే మర్యాద జరుగుతుందేమో!

బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున బాలింతను నా దగ్గరికి తీసుకొస్తారు. ఆమె నాకు పసుపు రాసి, మొదటి దోసెడు నీళ్లు పట్టి బిడ్డ నెత్తిన చల్లాలి. అప్పుడే మైల తీరినట్టు, మళ్లీ ఇంటి పొయ్యి ముట్టుకోవచ్చు.

గాసమ్మ కోడలు సుకురమ్మ మాత్రం పద్దెనిమిదో రోజునే దాహానికి ఆగలేక నా నీళ్లు తాగింది. ఆ మర్నాడు పడ్డ పెద్ద వానకు నేను ఎర్రటి బురద కక్కాను. ఇరవై ఒకటో రోజున అందరూ వచ్చేసరికి నాలో చుక్క లేదు. నడివేసవిలోనూ ఆరని దాన్ని, బిత్తరపోయాను.

“ఒలమ్మో, గంగమ్మ ఎల్లిపోనాది! ఏటి సేసినావే?” అంది గాసమ్మ.

“దాహమేసి ఒక్క దోసెడు తాగినానత్తా.”

“మైలతోటి ముట్టుకుంతావా? గంగమ్మ తిరిగొచ్చేదాకా పసువుల పాకలోనే ఉండు!”

సుకురమ్మ బిడ్డను ఎత్తుకొని పాకలోకి పోయింది. ఒక తల్లి తాగిన దోసెడుకే ఊట అలుగుతుందా అని నాకు అడగాలనిపించింది. నోరైతే ఉంది గాని మాట లేదు.

ఆమె పాకలోకి పోయిన మూడో రోజున గాసమ్మ కోడిపుంజును చంకన పెట్టుకొని, గంగమ్మను బతిమాలడానికి కొండ నెత్తికి ఎక్కింది. ఇక్కడ ఎవరి చెక్క పొలం దాకా వాళ్లు ఎక్కుతారు గాని నెత్తి దాకా ఎవరూ పోరు. ఆమె దిగి వచ్చేసరికి పుంజు చంకలోనే ఉంది.

“ఏటైనాదే?” అన్నాడు బోడన్న.

“పుంజుని కడదారంటే చెట్టు నేదు. నాలుగేపులా సూసినాను. కొండకి బట్ట నేదయ్యా!”

“అల్లం ఏయడానికి మనం సెట్లు కొట్టింది సిన్న చెక్కే గదా?” అన్నాడు బోడన్న.

“పక్కూరోళ్లదీ సిన్న చెక్కే, ఎనకోళ్లదీ సిన్న చెక్కే. అన్నీ కలిసిపోనాయి.”

అప్పుడు నాకు తెలిసింది. ఆ చెట్ల వేళ్లు పట్టి ఉంచిన వానే ఇన్నాళ్లూ నాలో పారింది. వేళ్లు పోయాక వాన ఆగక, మట్టిని కూడా ఈడ్చుకొని దిగిపోయింది. ఆ అల్లాన్ని కడిగింది నా నీళ్లతోనే. ఏటా పెరిగే బుట్టలను చూసి నేనూ మురిసిపోయాను.

మర్నాడు గాసమ్మ దిగువ ఏటి నుంచి బిందె మోసుకొచ్చింది. పాక ముందు నిలబడి కోడలిని పిలిచింది.

“రాయే. మైల నీది కాదు, మాది.”

ఆమె నా పై కొసన నీళ్లు పోసింది. ఈ కొసన సుకురమ్మ దోసిలి పట్టి బిడ్డ నెత్తిన చల్లింది. మనిషి మోసుకొచ్చిన నీళ్లు నాలో పారడం అదే మొదలు. బిందె ఖాళీ అయ్యాక కూడా సుకురమ్మ నా నోటి కింద నుంచి దోసిలి తీయలేదు.