రమ్మన్నాక పట్టుకోవాలి

ఉమాశంకర్ భుజం విరగాలని నేను రోజూ ప్రార్థన చేసేదాన్ని. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, పేరు పెట్టి మరీ అడిగేదాన్ని. కుడి భుజమే విరగాలని కూడా చెప్పేదాన్ని. ఇలాంటి ప్రార్థనలు చెయ్యకూడదని నాకు తెలుసు. దేవుడికి తప్పనిపిస్తే ఆయనే చెబుతాడు కదా అని కానిచ్చేశాను. ఆయన ఏమీ చెప్పలేదు.

నా పేరు గ్లోరీ. మాది రాజాం. పండుగ కుస్తీలు ఆడే జట్టులో నేను రిఫరీని. దసరాకీ, క్రిస్మస్‌కీ, ఉగాదికీ ఏదో ఒక మైదానంలో రింగు కట్టి, పండుగకు తగ్గ వేషాలు వేసి కుస్తీ పోటీలు పెడతాం. ఒకప్పుడు నేను బరువులెత్తేదాన్ని. మోకాలు పాడయ్యాక చారల చొక్కా తొడుక్కుని విజిల్ పట్టుకున్నాను. జట్టు ఉమాశంకర్‌ది. ఆయనది విజయనగరం, మా అందరికీ పని నేర్పిన మాస్టారు. జట్టులో అందరికంటే బాగా ఎగిరేవాడు జేమ్స్, నా తమ్ముడు.

మా కుస్తీలో ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుంటాం. ఆ సంగతి బయటివాళ్లకు చెప్పకూడదు. అది మా పనిలో మొదటి కట్టుబాటు. రెండోది ఇంకా పెద్దది. పై తాడు మీద నిలబడినవాడు కిందున్నవాడి మీదకు దూకాలంటే, కిందున్నవాడు రెండు చేతులూ చాపి "రా" అనాలి. ఆ మాట వినకుండా ఎవరూ దూకరు. అన్నవాడు పట్టుకోకుండా ఉండడు. చూసేవాళ్లకు మాత్రం ఒకడి మీద ఒకడు పడి నుజ్జు చేసినట్టే ఉంటుంది. జనం గోలలో మాట వినిపించకపోతే రిఫరీ అందించాలి.

దసరా తర్వాత పైడితల్లమ్మ పండుగ రోజుల్లో విజయనగరంలో ఆట పెట్టాం. ఆ సాయంత్రం జనం జేమ్స్ పేరే అరిచారు. అంతకుముందు ఏడాది వరకూ అదే జనం ఉమాశంకర్ పేరు అరిచేవాళ్లు. ఆయన మొహం మాడిపోవడం నేను దగ్గర్నుంచి చూశాను. జేమ్స్ పై తాడెక్కాడు. ఉమాశంకర్ రింగు బయట నేల మీద నిలబడి, చేతులు చాపి "రా" అన్నాడు. ఈ చెవులతో విన్నాను. జేమ్స్ దూకాడు. ఉమాశంకర్, దారిలో బండి వస్తే జరిగినట్టు, పక్కకు ఒక్క అడుగు జరిగాడు.

తమ్ముడి కుడి భుజం నలిగిపోయింది. ఇప్పటికీ ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవదు.

"కుర్రోడు తాగొచ్చినాడు. నాను రెండు సేతులూ సాపినాను గానీ, ఆడే తూలి పక్కకి పడిపోనాడు," అని ఉమాశంకర్ అందరికీ చెప్పాడు. మేము ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే ఆ మాట రాజాం వచ్చి కూర్చుంది.

మాది బాప్టిస్టు సంఘం. తాగినవాణ్ణి పిలిచి అడగకుండా వదలరు. సంఘపెద్ద సత్యం మావ మా అమ్మకు వరసకు తమ్ముడు. మంచివాడే, కానీ టీవీలో కుస్తీలు చూసి చూసి అదంతా నిజమైన పగేనని నమ్మినవాడు. ఆయన ముందు జేమ్స్ తల వంచుకుని నిలబడ్డాడు.

"నాను తాగనేదు మావా. ఆయన పట్టుకోవాలి, పట్టుకోనేదు."

"కుస్తీలో పగోడు పట్టుకుంటాడేట్రా?" అన్నాడు సత్యం మావ. గదిలో ఉన్న పెద్దలంతా నవ్వారు. "నువ్వు సెప్పే మాటే నీ స్థితి సెప్తన్నాది."

ఆటంతా ముందే మాట్లాడుకున్నదని మాత్రం జేమ్స్ బయటపెట్టలేదు. మాస్టారు ద్రోహం చేసినా వీడు కట్టుబాటు తప్పలేదు, వెర్రిబాగులవాడు. నేను లేచి చెప్పబోతే, అక్కవి నువ్వు అలాగే చెబుతావని కూర్చోబెట్టారు. తమ్ముణ్ణి ప్రభువు బల్లకు, అంటే నెలనెలా గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు, దూరం పెట్టారు.

తర్వాతి నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం మా వరసలోకి వచ్చింది. జేమ్స్ పక్కనున్నాయన దాన్ని జేమ్స్ ఒడి మీదుగా నాకు అందించాడు. గుడి నిండా జనం చూశారు. జేమ్స్ కట్టు కట్టిన చెయ్యి పొట్టకు అదుముకుని నేల చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు నుంచి గుడికి రావడం మానేశాడు. విరిగిన భుజాన్ని నేను ఎలాగో ఓర్చుకునేదాన్నేమో. ఆ పళ్లెం దాటిపోవడాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయాను. వాడి పేరు మళ్లీ వాడికి దక్కాలి, దక్కించేది ఉమాశంకరే కావాలి అనుకున్నాను. దానితోపాటు ఆయన ఎముకలు విరిగితే నాకేమీ అభ్యంతరం లేదు.

"ఆడి దగ్గర ఇంకా పని సేస్తావేటే? సిగ్గు నేదా?" అని అమ్మ జ్ఞానసుందరి రోజూ తిట్టేది.

"ఆడి పక్కనే ఉంటాను అమ్మా. దూరంగా ఉంటే ఏటి సెయ్యగలను?" అనేదాన్ని.

ఉమాశంకర్‌కు నేను కావాలి. మా పని తెలిసిన రిఫరీ ఈ రెండు జిల్లాల్లో ఇంకొకరు లేరు. పైగా ఆడది, ఏడ్చి మరిచిపోతుందనుకున్నాడు. నేను 'మాస్టారూ, మీరు' అంటూ వినయంగానే ఉన్నాను. లోపల నెగడు మండుతోంది.

క్రిస్మస్‌కు మా సంఘంవాళ్లే రాజాంలో ఆట పెట్టించారు. పెద్దగా నిలబడింది సత్యం మావే. బైబిల్లో పసిపిల్లల్ని చంపించిన హేరోదు రాజు మా ఆటలో వాళ్ల కానుకల మూట ఎత్తుకుపోతాడు. ఆయనకీ, క్రిస్మస్ తాతకీ కుస్తీ. తాత పై తాడు మీద నుంచి దూకి హేరోదును పడగొట్టి మూట విడిపించాలి. పిల్లలు చప్పట్లు కొట్టే వేషం కనుక తాతగా ఉమాశంకరే వేస్తానన్నాడు. హేరోదుగా సంజయ్‌ని పెట్టాడు. సంజయ్ మా పేటవాడు, జేమ్స్‌తో కలిసి పని నేర్చుకున్నాడు.

నేను సంజయ్‌ని పక్కకు పిలిచాను.

"రా అని పిలు. ఆడు దూకినాక పక్కకి తప్పుకో. ఆడు జేమ్స్‌కి సేసిందే సెయ్యమంటన్నాను, ఎక్కువేటీ అడగనేదు."

సంజయ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా వల్ల కాదు అక్కా. రమ్మన్నాక పట్టుకోకపోతే నానూ ఆడే అయిపోతాను. ఇంకేటైనా సెప్పు, సేస్తాను."

వాడి మీద ఒళ్లు మండిపోయింది. నా తమ్ముడి మీద ప్రేమ ఇంతేనా అని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు తల వంచుకుని పడ్డాడు తప్ప ఒప్పుకోలేదు.

పండుగ ముందు సంఘం వాళ్ల హాలులో సాధన చేశాం. అక్కడ నాకు ఒకటి కనిపించింది. ఉమాశంకర్ తాడెక్కాడు. సంజయ్ "రా" అన్నాడు. ఆయన దూకలేదు. "పట్టుకుంటావు గదా?" అని అడిగాడు. సంజయ్ పట్టుకుంటానన్నాక ఆయన నా వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఆయన ఎవరినీ అలా అడగడం నేను వినలేదు. తప్పు చేసినవాడి కాళ్లకు తప్పు తెలుసు. అప్పుడు అర్థమైంది, ఈయన్ని పడగొట్టడానికి సంజయ్ తప్పుకోనక్కర్లేదని. అసలు భుజమే విరగనక్కర్లేదని, ఈ భయం చాలని.

ఆ సాయంత్రమే నేను మా మొదటి కట్టుబాటు తెంచేశాను. వేషాలు గుడివాళ్లు చూడదగ్గట్టు ఉన్నాయో లేదో చూసి చెప్పమని సత్యం మావను సాధనకు పిలిచాను. ఆయన గుమ్మంలో నిలబడి రెండు దూకుళ్లు చూశాడు. హేరోదు చేతులు చాపి తాతను పట్టుకుని మెల్లగా నేల మీద దింపడం చూశాడు. మొహం చిన్నబోయింది.

"ఇదంతా ముందే మాటాడుకున్నదేటే?"

"అవును మావా."

"పగోడే పట్టుకుంటాడా?"

"పట్టుకోవాలి మావా. రా అన్నాక పట్టుకోవాలి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. నేను జేమ్స్ పేరు ఎత్తలేదు. ఆటనాడు రింగు మూల పక్కనే, నేను మాట్లాడితే వినిపించేంత దగ్గర్లో, ఆయనకు కుర్చీ వేయించాను.

క్రిస్మస్ సాయంత్రం ఎండ దిగకముందే మైదానం నిండిపోయింది. గజపతినగరం నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. ఉమాశంకర్ ఎర్రకోటు లోపల తలగడ కట్టుకుని, దూది గడ్డంతో, పిల్లల మీద చాక్లెట్లు చల్లుతూ వచ్చాడు. హేరోదును చూసి పిల్లలు కోపంతో ఊగిపోయారు. ఆట అనుకున్నట్టే సాగింది. తాత నాలుగు దెబ్బలు తిన్నాడు, నాలుగు కొట్టాడు, హేరోదును తాళ్ల బయటకు విసిరేశాడు. మూలనున్న స్తంభం పట్టుకుని పై తాడెక్కాడు. మైదానమంతా లేచి నిలబడింది.

కింద సంజయ్ తూలుతున్నట్టు నటిస్తూ లేచి, చేతులు చాపి "రా" అన్నాడు. జనం గోలలో ఆ మాట పైకి రాలేదు. ఉమాశంకర్ మాట అందించమన్నట్టు నా వైపు చూశాడు.

నేను స్తంభం దగ్గరకు వెళ్లాను. అంతవరకూ ఆయన్ని ఒక్కనాడూ నువ్వు అనలేదు.

"సంజయ్ రమ్మంటన్నాడు. జేమ్స్‌ని నువ్వెలా పట్టుకున్నావో, నిన్నూ అలాగే పట్టుకుంటాడు. దూకు."

ఆయన వంచిన మోకాళ్లు అలాగే ఆగిపోయాయి.

"గ్లోరీ, ఆడికేటి సెప్పినావు?"

"నువ్వు ఊరందరికీ సెప్పిందే. రెండు సేతులూ సాపినావంట గదా. ఆడూ సాపినాడు, సూడు. నువ్వు తాగనేదు గదా, తూలిపోవు. మరి భయమేటి?"

గట్టిగానే అన్నాను. సత్యం మావ కుర్చీలోంచి లేచాడు.

మొదట జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఈలలు వేశారు. "తాతా దూకు, తాతా దూకు," అని పిల్లలు అందుకున్నారు. తాత దూకలేదు. ఎర్ర పంట్లాం లోపల కాళ్లు వణకడం కింది వరసలవాళ్లకు కనిపించి నవ్వులు మొదలయ్యాయి. తలగడ ఒక పక్కకు జారింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ నవ్వుల్లో ఒక్కటి కూడా పోగొట్టుకోకుండా విన్నాను.

"నీకు దండం పెడతాను," అన్నాడు ఉమాశంకర్. "ఆడిని పక్కకి తప్పుకోవద్దని సెప్పు."

"ఎందుకు తప్పుకుంటాడు? అలా ఎవులైనా తప్పుకుంటారా?"

"నాను తప్పుకున్నానని ఆడూ తప్పుకుంటాడు. నాకు తెలుసు. సెప్పు గ్లోరీ."

"నువ్వు తప్పుకున్నావా?" అని కింద నుంచి అడిగాడు సత్యం మావ.

ఉమాశంకర్ అటు చూశాడు. అప్పటిదాకా అక్కడ సత్యం మావ ఉన్నాడని కూడా చూసుకోలేదు పాపం. స్తంభాన్ని వాటేసుకుని, వెనక్కి తిరిగి, కాలితో కింది తాడు కోసం వెతుక్కుంటూ దిగడం మొదలుపెట్టాడు. గడ్డం తాడుకు చిక్కుకుని ఊడిపోయింది. పెద్దవాళ్లు ఈలలు వేస్తున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు.

మా ఆటలో పోటీ వదిలి దిగినవాడు ఓడినట్టు. నేను విజిల్ ఊది, సంజయ్‌ని రింగులోకి రమ్మని, వాడి చెయ్యి పైకెత్తాను. ఆ క్రిస్మస్‌కు రాజాంలో హేరోదు రాజు గెలిచాడు.

సత్యం మావ తిన్నగా నా దగ్గరకు వచ్చాడు.

"జేమ్స్ ఇంట్లో ఉన్నాడా?"

"ఉన్నాడు మావా."

"వచ్చే నెల బల్లకి నానే ఎంటబెట్టుకుని తీసుకెల్తాను. ఆడు వస్తాడంటావా?" అన్నాడు. నేను జవాబిచ్చేలోపే, జనాన్ని తోసుకుంటూ మా పేట వైపు వెళ్లిపోయాడు. ఆయన వీపు చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు.

కళ్లు తుడుచుకుని గుడారంలోకి వెళ్లాను. ఉమాశంకర్ ఒక్కడే పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఎర్రకోటు ఇంకా విప్పలేదు. మైదానంలో ఇంకా ఎవరో "తాతా దూకు" అని అరిచి నవ్వుతున్నారు.

"పని సెడిపోనాది," అన్నాడు. "పోనీలే, పానం దక్కింది. ఆడు తప్పుకునేవోడే గదా?"

ఆయన మొహం చూశాను. జాలి వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు.

"నేదు మాస్టారూ. తప్పుకోమని నాను బతిమాలినాను. తిట్టినాను కూడాను. ఆడు ఒప్పుకోనేదు. మీరు దూకి ఉంటే పట్టుకునేవోడు."