రెండు ఖాకీ గుండీలు

నేను ఒక క్యారంబోర్డును. మాట్లాడే అలవాటు లేదు. ఇన్నేళ్ళూ నా మీద వేళ్ళతో కొట్టినవాళ్ళే గానీ పలకరించినవాళ్ళు లేరు. ఇప్పుడు పాతసామాన్ల కొట్టులో, తుప్పుపట్టిన కూలరుకు ఆనుకొని ఉన్నాను. చేసే పని ఏమీ లేదు. అందుకని చెబుతున్నాను.

నన్ను పట్నంలో ఒక వడ్రంగి చేశాడు. పేరు తెలియదు. అడుగున పలక, చుట్టూ నాలుగు కట్టెలు, మూలకొక చిల్లు, చిల్లు కింద దారం జాలి. గీతలు గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. అయినా ఒక గీత కొంచెం వంకరపోయింది. "ఎవడు సూడొచ్చిండు తియ్" అన్నాడు. నిజమే, ఎవరూ చూడలేదు.

అక్కడినుంచి ఒక బస్సు డిపోకు వచ్చాను. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య డ్రైవర్లు, కండక్టర్లు నడుం వాల్చే గదిలో నన్ను పెట్టారు. ఆ గదిలో ఒక్క ఆట కూడా చివరిదాకా సాగలేదు. సగం కాయలు మిగిలి ఉండగానే ఎవరికో బండి టైం అయ్యేది. "ఉండనీ, వచ్చినంక ఆడుదాం" అని చెప్పులు వేసుకుంటూ లేచేవాళ్ళు. వచ్చేసరికి ఇంకెవరో కాయలు కలిపేసి ఉండేవారు. మనుషులకు ఆట మొదలుపెట్టడం వచ్చు. కూర్చోవడమే రాదు.

కొత్తగా వచ్చిన పెద్దసారు ఆటలు వద్దన్నాడు. నన్ను అరిగిన టైర్ల గదిలో పడేశారు. ఏడాది తరువాత లింబయ్య అనే కండక్టరు అడిగి నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. తన డ్యూటీ బస్సులోనే తెచ్చాడు. తెస్తూ నాకు లగేజీ టికెట్ కొట్టాడు. డ్రైవరు సాయన్న అద్దంలోంచి చూసి నవ్వాడు.

"నీకు నువ్వే టికెట్ గొట్టుకున్నవా లింబన్నా? కొట్టకపోతే నడుమల దించుతుంటివా దాన్ని?"

"చెకింగొస్తే నువ్వు జెప్తవా?" అన్నాడు లింబయ్య. అతను నవ్వలేదు. నవ్వడం అతనికి పెద్దగా రాదు. ఇంటికి పోయాక ఆ టికెట్‌ను అన్నం మెతుకులతో నా వెనక అతికించాడు.

ఆ ఇంట్లో మూడేళ్ళు తలుపు వెనకే ఉన్నాను. లింబయ్య తెల్లవారకముందే పోయేవాడు, పిల్లలు పడుకున్నాక వచ్చేవాడు. పెద్దపిల్ల స్వరూప, చిన్నపిల్ల జమున. వాళ్ళకు బాపు అంటే మేకుకు వేలాడే ఖాకీ చొక్కానే. తల్లి గంగామణి బీడీలు చుట్టేది. చేట ఒళ్ళో పెట్టుకుంటే ఇక తల ఎత్తేది కాదు.

ఆ ఏడు దసరా దాటాక సమ్మె వచ్చింది. డిపోలను షావుకార్ల చేతిలో పెడతారని మాట పుట్టింది. బస్సులు ఆగిపోయాయి. గేటు ముందు టెంటు వేశారు. పదో రోజున పోలీసులు టెంటు పీకేసి నలుగురిని తీసుకుపోయారు. అందులో సాయన్న ఉన్నాడు.

లింబయ్య ఇంటికి వచ్చాడు. పగటిపూట ఇంట్లో ఎలా ఉండాలో అతనికి తెలియలేదు. గోడకు భుజం ఆనించి నిలబడ్డాడు. బస్సులో నిలబడినట్టే నిలబడ్డాడు.

"కూసో బాపూ, సీట్లు ఖాళీగనే ఉన్నయి" అంది జమున.

గంగామణి తల ఎత్తి నవ్వింది. ఆమె పళ్ళు నేను చూడటం అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే స్వరూప నన్ను బయటికి లాగింది. పాత చీరముక్కతో తుడిచింది. కాయలు లెక్కపెడితే రెండు నల్లవి తక్కువ. జమున మేకు మీది ఖాకీ చొక్కా నుంచి రెండు గుండీలు పళ్ళతో కొరికి తెచ్చింది. ఆ చొక్కా మళ్ళీ వేసుకుంటాడో లేదో లింబయ్యకే తెలియదు. గుండీలు తేలిక. కొడితే ఎగిరేవి, ఎగిరి ఎవరి ఒళ్ళోనో పడేవి. అప్పుడు ముగ్గురూ ఒకేసారి అరిచేవారు. కాయ చిల్లులో పడితే లింబయ్య నోట "రైట్ రైట్" అని వచ్చేసేది. అలవాటు. పిల్లలూ నేర్చుకున్నారు. ఆ ఇంట్లో ఆటలు చివరిదాకా సాగేవి. ఇలా కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అలాగని భయం పోలేదు. కిరాణా కొట్టులో అప్పు మీద సామాను ఇవ్వడం ఆపారు. పక్కింటి టీవీలో వార్తలు వస్తుంటే గోడ ఇవతల నలుగురూ అన్నం కలుపుతూ ఆగేవారు. "సంతకం పెట్టి డ్యూటీల చేరరాదయ్యా" అని గంగామణి రోజూ అనేది. అతను కాయలు పేర్చేవాడు.

చివరికి గడువు పెట్టారు. శనివారం సాయంత్రం ఐదింటిలోపు వచ్చి, తప్పు ఒప్పుకొని సంతకం పెట్టినవాడే ఉద్యోగి. రానివాడు ఇక కాడు.

శనివారం నాలుగింటికి గంగామణి అన్న పోశెట్టి మోటారుసైకిలు మీద వచ్చాడు. నా మీద ఆట నడుస్తోంది.

"బావా, లే. చొక్కా తొడుగు. యూనిఫారంల రమ్మన్నరు."

"సాయన్న లోపలున్నడు పోశెట్టీ."

"ఆయన లోపలుంటే నీ పిల్లలు బయట అడుక్కోవాల్నా? రేపు వీళ్ళను ఎవరు సాదుతరు, నీ యూనియనా?"

లింబయ్య పిల్లల వంక చూశాడు. లేచాడు. చొక్కా తొడిగాడు. పొట్ట దగ్గర రెండు గుండీలు లేవు. చొక్కా అంచులు చేత్తో కలిపి పట్టుకొని అలాగే నిలబడ్డాడు. జమున నన్ను చూసింది. ఒక గుండీ నా నడుమ ఉంది, ఇంకొకటి చిల్లు పక్కన.

గంగామణి చేట దించి సూదీ దారం తెచ్చింది. దారం ఎక్కించింది. గుండీ కోసం నా మీదికి వంగి, ఆగింది. మొగుడి మొహం చూసింది. చాలాసేపు చూసింది. అక్కడ ఏం కనబడిందో నాకు తెలియదు. నేను చెక్కను. సూదిని పమిట కొంగుకు గుచ్చుకొని, నా ముందు బాసింపట్టు వేసుకొని కూర్చుంది.

"నడుమల కాయలు తియ్యొద్దు. ఆట అయినంక తీస్త" అంది.

"నీకు ఆటొస్తదానే అమ్మా?" అంది స్వరూప.

"దినాం వెయ్యి బీడీలు మడిచే ఏళ్ళివి. రాకేం?"

"చెల్లే, నెత్తి ఖరాబైందా? గంట గూడ లేదు!" అన్నాడు పోశెట్టి.

"అన్నా, ఎల్తురుకు అడ్డమున్నవు. జరుగు."

ఆమెకు ఆట రాదు. మొదటి దెబ్బకే స్ట్రైకరు పోయి చిల్లులో పడింది. స్ట్రైకరు పడితే, జట్టు గెలిచిన కాయ ఒకటి తిరిగి నడుమ పెట్టాలి. పెట్టారు. మళ్ళీ పడింది. మళ్ళీ పెట్టారు. ఎన్నిసార్లు పడిందో! అయిపోవాల్సిన ఆట పెరుగుతూ పోయింది. ఆమె రాక పడేసిందో, కావాలని పడేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నాలుగోసారికో ఐదోసారికో లింబయ్య చొక్కా అంచులు వదిలేసి తన చోట్లో కూర్చున్నాడు. ఆరోసారికి నవ్వాడు. పెద్దగా, కండ్లలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు.

పోశెట్టి గడియారం చూసుకున్నాడు. గడప దాకా పోయి వచ్చాడు. మళ్ళీ చూసుకున్నాడు. చివరికి ఓర్చుకోలేక, "గట్ల గాదు చెల్లే, ఏలు జర పక్కకు పెట్టు!" అని అరిచాడు. నలుగురూ తల ఎత్తి అతన్ని చూశారు. అతను గడియారం చేతిని జేబులో పెట్టుకున్నాడు.

గంగామణి చివరి గుండీని పడేసేసరికి ఐదు దాటి పది నిమిషాలు. ఎవరూ అరవలేదు. లింబయ్యే మెల్లగా "రైట్ రైట్" అన్నాడు.

సమ్మె ముప్పై తొమ్మిది రోజులకు ముగిసింది. సంతకం పెట్టినవాళ్ళనూ పెట్టనివాళ్ళనూ అందరినీ తీసుకున్నారు. సాయన్న బయటికి వచ్చాడు. బతికిపోయామనుకున్నారు. రెండు నెలలకు లింబయ్యను వంద కిలోమీటర్ల అవతలి డిపోకు మార్చారు. వారానికి ఒకసారి వచ్చేవాడు, వచ్చి నిద్రపోయేవాడు. గంగామణి ఒక గుండీ కుట్టింది. రెండోది ఇల్లంతా వెతికినా దొరకలేదు. తెల్లది వేసి కుట్టింది. చెకింగువాళ్ళు తప్పుబట్టినా, చొక్కా చిరిగేదాకా అదే వేసుకున్నాడు.

నేను బియ్యం డ్రమ్ము మీద మూతనయ్యాను. ఎండాకాలం నా మీద వడియాలు పెట్టేవారు. వానకు తడిసి పలక ఉబ్బింది. పిల్లలు పెళ్ళిళ్ళయి పోయారు. పోయిన నెల గంగామణి నన్ను పాతసామాన్ల బండివాడికిచ్చి ప్లాస్టిక్ తొట్టి తీసుకుంది. లింబయ్య ఇప్పుడు రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు, కూర్చోవడం వచ్చింది. నన్ను తిప్పి వెనక చూశాడు. టికెట్ ఉంది, అక్షరాలు లేవు.

"దీనికి టికెట్ ఉన్నది" అన్నాడు బండివాడితో.

"అయితే ఎక్కియ్ పెద్దయ్యా" అన్నాడు వాడు.

ఎక్కించాడు.

గుండీ నా దగ్గరే ఉంది. గంగామణి కొట్టిన చివరి దెబ్బకు వచ్చి మూల జాలికీ కట్టెకూ సందున ఇరుక్కుంది. చెప్పే నోరు లేక ఊరుకున్నాను. రేపో ఎల్లుండో నేను పొయ్యిలోకి పోతాను. పోతే పోనీ. చాలా చేతులు చూశాను, అలసిపోయాను. ఐదు కొట్టినా ఆట మధ్యలో ఒక్కరూ లేవని రోజు ఒకటి నా మీద గడిచింది.