రాయి ఒప్పుకోని మాట

శంభునిపేటలో సమాధి రాళ్లు చెక్కే సారంగపాణి పొద్దున్నే దుకాణం తెరిచి, ముందు నిన్నటి రాళ్లను వేలితో తడిమి చూస్తాడు. చెక్కినదాంట్లో అబద్ధముంటే తెల్లారేసరికి అంతమేర రాయి పుండు మానినట్టు పూడుకుంటుంది. వాడకట్టుకంతా తెలిసిందే. "మా అత్త రాయి మీద 'శాంతమూర్తి' నిలవది గని, వేరే మాటేమన్న చెప్పరాదే" అని ముందే అడుగుతారు.

విష్ణుమూర్తి పేరు మోసే ఈ నాస్తికుడికి సిలువ రాళ్లే బువ్వ పెడతాయి. 'ఎవరూ చూడనప్పుడు చేసేదే నీతి' అని ఫేస్‌బుక్‌లో రాస్తే పదకొండు లైకులొచ్చాయి, ఒకటి తనదే. ప్రభువు, స్వర్గం అన్న మాటలు ఎప్పుడైనా పూడుకుంటాయేమోనని ఇరవై ఏళ్లుగా కాచుకున్నాడు. రాయి వాటి జోలికే పోలేదు. మనుషుల సంగతులే దానికి పట్టింపు.

ఆ వారం సుకన్య తన భర్త శేఖర్ రాయికి మాటలు రాసి తెచ్చింది: 'గుర్తు తెలియని బండి తగిలి ప్రభువు పిలుపు అందుకొనెను.' మూడు రోజులు చెక్కాడు. మూడు పొద్దులూ 'గుర్తు తెలియని' ఒక్కటే నున్నగా మానిపోయింది. తడిమితే ఒళ్లులా వెచ్చగా తగిలింది.

"అంటే ఎవలకో తెలుసన్నా," అంది సుకన్య.

సారంగపాణికి తెలుసు. వర్ధన్నపేట రోడ్డు, వాన, తన బండి కింద ఆ చప్పుడు. ఆ రోజు వెనక్కి చూశాడు. చూసినవాళ్లెవరూ లేరు. వచ్చేశాడు.

ఆదివారం పాస్టర్ ఓంప్రకాశ్ చాయ్ తాగుతూ రాయిని చూశాడు, తర్వాత ఇతని మొహం చూశాడు.

"పాణన్నా, మనసుల ఏమున్నా ప్రభువు ముందల పెట్టు. మాఫ్ చేస్తడు."

"దెబ్బ ఒకలకు తగిల్తె మాఫ్ ఇంకొకలెట్ల చేస్తరు పాస్టర్ సాబ్? తగిలినోళ్లను అడగొద్దా?"

పాస్టర్ సగం చాయ్ వదిలేసి లేచాడు. ఇరవై ఏళ్లలో సారంగపాణి వాదం గెలవడం అదే మొదలు. గెలిచాక చెమటలు పట్టాయి.

ఆ సాయంత్రం మానినచోట ఉలి పెట్టి 'సారంగపాణి' అని చెక్కాడు. అది పూడుకోవాలని ఆ నాస్తికుడు మొక్కని దేవుడు లేడు.

తెల్లారి తడిమాడు. అక్షరాలు లోతుగా, చల్లగా ఉన్నాయి.

సుకన్య వచ్చి చదివింది. ఇంకోసారి చదివింది.

"చెల్లె, నన్ను..."

"మాఫ్ చేసేది నేను." ఈసారి 'అన్నా' అనలేదు. "ఇయ్యాలైతే చెయ్య. నడువు ఠాణకు."

సారంగపాణి షట్టర్ దించబోయి ఆగాడు. రాయిని బయటికి ఈడ్చుకొచ్చి, వచ్చేపోయేవాళ్లు చదివేచోట నిలబెట్టి, అప్పుడు దించాడు.